ఫోన్లకు 46 పెట్టినా మాట తెగుతున్నదా? మార్కింగ్ ఎక్కడ చేయాలె, ఎక్కడ చూసుకోవాలె

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైన కాడికి ఇది. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు దవాఖాన, 20 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్, ఐపీ ఫోన్ల ఎక్స్‌ఛేంజ్ అక్కడే. జడ్చర్లలో చిన్న బ్రాంచి, మధ్యలో వీపీఎన్ టన్నెల్, అంటే ఇంటర్నెట్ మీదనే తాళం వేసిన సొంత దారి. పొద్దున పదకొండు దాటినంక సీటీ స్కాన్ ఇమేజీలు హైదరాబాద్‌లో రిపోర్టు రాసే డాక్టరుకు పోతున్నప్పుడు జడ్చర్లోళ్ళకు మీ మాట ముక్కలు ముక్కలుగా వినపడుతది. వాళ్ళ మాట మాత్రం మీకు మంచిగనే వస్తది. ఫోన్లన్నిటికీ 46 పెట్టిన్రు (ఇది మాట ప్యాకెట్‌ను ముందు పోనియ్యాలె అని దాని మీద రాసే గుర్తు, ఇట్ల రాసుడే మార్కింగ్), ఏం ఫరక్ పడలేదు. ఇప్పుడు మార్కింగ్ ఫోన్లో చేయాల్నా, స్విచ్చిలో చేయాల్నా, రౌటర్లో చేయాల్నా అని అడుగుతున్నరు.

ముందు జవాబు చెప్త, కారణాలు తర్వాత. మార్కింగ్ ఫోన్లోనే ఉండనియ్యండి. ఆ మార్కును నమ్మాల్నా వద్దా అన్నది ఫోన్ తగిలే స్విచ్చి కాడనే తేల్చండి. కానీ మీ మాట తెగేది మార్కింగ్ లేక కాదు. మీ రౌటర్ నుంచి బయటికి పోయే లైన్ మీద షేపింగ్ లేదు, అంటే ప్యాకెట్లను మీరు చెప్పిన వేగానికే ఆపి ఆపి పంపుడు లేదు. దాని లోపల వాయిస్‌కు వేరే క్యూ, అంటే వేరే వరుస లేదు. మీరు ఎన్ని 46లు రాసినా చదివేటోడు లేడు.

ఇంత గట్టిగ ఎట్ల చెప్తున్ననంటే, ఆధారం మీ ప్రశ్నలోనే ఉన్నది. మీ మాట వాళ్ళకు తెగుతున్నది, వాళ్ళ మాట మీకు తెగుతలేదు. అంటే ఇరుకైంది మీ కాడి నుంచి బయటికి పోయే దారి ఒక్కటే. స్కాన్ ఇమేజీలు పోయేది కూడా ఆ దారినే. రెండు వైపులా తెగుతుంటే నేను ఫోన్లను, కేబుళ్ళను, ఎక్స్‌ఛేంజ్‌ను కూడా అనుమానించేటోన్ని. ఎవరైనా "కాల్ సరిగ్గ వస్తలేదు" అంటే నేను మొదలు అడిగేది ఎవరి మాట ఎవరికి తెగుతున్నదనే. సగం రోగం అక్కడనే దొరుకుతది.

మా దిక్కు వడ్ల కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందట ట్రాక్టర్లు బారులు కడతయి. రైతు చేతిలో టోకెన్ ఉన్నంత మాత్రాన ట్రాక్టరు లోపలికి పోదు. గేటు కాడ ఆ టోకెన్ అడిగి చూసే మనిషి ఉండాలె, టోకెన్ ఉన్నోళ్ళకు వేరే వరుస ఉండాలె. ప్యాకెట్ మీద రాసే ఆ 46 లాంటి గుర్తును డీఎస్‌సీపీ అంటరు. అది టోకెన్ మీద రాసిన నెంబరు, అంతే. బారే లేని రోజు టోకెన్‌తో పనే లేదు, అందుకే మీ ఫోన్లు పొద్దున తొమ్మిదింటికి మంచిగ పనిచేస్తున్నయి. ఇంకో సంగతి. బారు మీ గేటు ముందట కాకుండా అవతల పెద్ద రోడ్డు మీద కట్టిందనుకోండి, అప్పుడు మీ గేటు మనిషి ఎంత తెలివైనోడైనా ఏం చేయగలడు? మీ కాడ జరుగుతున్నది ఇదే.

ఎట్లనంటే, మీ రౌటర్ నుంచి ప్రొవైడర్ డబ్బాకు పోయే పోర్టు గిగాబిట్‌ది. లైన్ 20 ఎంబీపీఎస్‌ది. రౌటర్‌కు తెలిసింది గిగాబిట్ ఒక్కటే, కాబట్టి దాని లెక్కలో లైన్ ఎప్పుడూ ఖాళీనే. వచ్చింది వచ్చినట్టు నెట్టేస్తది. బారు ప్రొవైడర్ డబ్బాలో కడతది, అక్కడ ముందొచ్చిన ప్యాకెట్ ముందు పోతది. మీరు రౌటర్లో ప్రయారిటీ క్యూ పెట్టినా అది ఒక్కసారి కూడా పనిలోకి రాదు. బయటికి పోయే ఇంటర్‌ఫేస్ మీద 19 ఎంబీపీఎస్‌కు షేప్ చేసి, ఆ షేపర్ లోపల వాయిస్‌కు స్ట్రిక్ట్ ప్రయారిటీ ఇవ్వండి. లైన్ కంటే ఐదు శాతం తక్కువ ఎందుకంటే బారు మీ గేటు ముందట కట్టాలె. ఆ ఒక్క ఎంబీ పోతదని మేనేజ్‌మెంట్ అడుగుతది. పోనియ్యండి.

ఒక లెక్క వేసి చూపిస్త. ప్రొవైడర్ డబ్బాలో 256 ప్యాకెట్ల క్యూ ఉన్నదనుకుందాం. ఇమేజీ ప్యాకెట్లు ఒక్కొక్కటి 1500 బైట్లు. మొత్తం 3,84,000 బైట్లు, అంటే 30 లక్షల బిట్లకు పైనే. 20 ఎంబీపీఎస్ మీద అది ఖాళీ కావాలంటే దాదాపు 154 మిల్లీసెకన్లు. మీ వాయిస్ ప్యాకెట్ ఆ బారు వెనకాల నిలబడుతది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవాలని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వాళ్ళ జీ.114 సిఫార్సు. అంటే ఒక్క క్యూ నిండితేనే మీ కోటా మొత్తం అయిపోయింది, వీపీఎన్ సంగతి, జిట్టర్ బఫర్ (ముందూ వెనకా వచ్చే ప్యాకెట్లను ఫోన్ కొంచెంసేపు ఆపి సర్దుకునే జాగా) సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు. పైగా క్యూ ఒకసారి నిండుతది, ఒకసారి ఖాళీ అయితది. మాట తెగేది ఆ ఊగిసలాటకే. నిండి పొర్లితే ప్యాకెట్లు పోతయి, అప్పుడు ముక్కలే ముక్కలు.

"లైన్ 50 చేసుకుంటే పోలేదా?" అని మీ సార్ అంటడు, చూడండి. 500 ఎంబీ స్టడీ (ఒక రోగి స్కాన్ ఇమేజీలన్నీ కలిపి) 20 మీద 200 సెకన్లు పోతది, 50 మీద 80 సెకన్లు. ఇమేజీలను మోసే టీసీపీ (ఫైళ్ళు పంపే పద్ధతి) ఉన్నంత లైన్‌ను నింపుకునే రకం. మాట తెగే సమయం తగ్గుతది, తెగుడు ఆగదు.

ఇగ మీరు పెట్టిన 46 దగ్గరికి వస్త. ఫోన్ మెనూలో ఆ ఖానా పేరు ఏందో ఒకసారి చూడండి. డీఎస్‌సీపీ అని ఉంటే 46 కరెక్టు. టాస్ అని ఉంటే తప్పు. ప్రతి ప్యాకెట్ ముందు ఉండే ఐపీ హెడర్లో ఈ గుర్తు కోసం ఒక బైటు ఉంటది, టాస్ అన్నది ఆ మొత్తం బైటుకు పాత పేరు. ఆ బైటు ఎనిమిది బిట్లది. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2474 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) అందులో పై ఆరు బిట్లను డీఎస్‌సీపీకి ఇచ్చింది. కింది రెండు తర్వాత ఈసీఎన్‌కు (దారిలో బారు పెరుగుతున్నదని చెప్పే గుర్తుకు) పోయినయి. వాయిస్‌కు వాడే డీఎస్‌సీపీ పేరు ఈఎఫ్. ఈఎఫ్ అంటే ఆరు బిట్లలో 101110, అదే 46. దాని వెనకాల రెండు సున్నాలు పెడితే మొత్తం బైటు 184, హెక్సాలో బీ8. టాస్ ఖానాలో 46 అని కొడితే ఆ బైటు 00101110 అయితది. అందులో పై ఆరు బిట్లు 001011, అంటే 11. మీ వాయిస్ డీఎస్‌సీపీ 11 అన్న పేరుతో పోతది, ఆ పేరుతో ఏ రౌటర్లోనూ క్లాసు ఉండదు. కింద ఈసీఎన్ బిట్లలో కూడా చెత్త చేరుతది. కొన్ని కంపెనీల ఫోన్లు 184 అడుగుతయి, కొన్ని హెక్సా అడుగుతయి. ఒకే బిల్డింగులో రెండు కంపెనీల ఫోన్లు ఉంటే రెండు రకాలుగ పెట్టాల్సి వస్తది. నేను రెండుసార్లు ఇందులో పడ్డ.

కాబట్టి కాన్ఫిగరేషన్ చదివి నమ్మకండి, ప్యాకెట్‌ను చూడండి. మూడు చోట్ల చూడండి. ఒకటి, ఫోన్ తగిలిన స్విచ్చి పోర్టును మిర్రర్ చేసి, అంటే దాని ప్యాకెట్ల కాపీ మీ ల్యాప్‌టాప్‌కు వచ్చేటట్టు పెట్టి. రెండు, స్విచ్చి నుంచి రౌటర్‌కు పోయే ట్రంక్ మీద. మూడు, రౌటర్ బయటి ఇంటర్‌ఫేస్ మీద. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లను పట్టి చూపే సాఫ్ట్‌వేర్) ఐపీ హెడర్ విప్పితే డిఫరెన్షియేటెడ్ సర్వీసెస్ ఫీల్డ్ అని ఒక వరుస ఉంటది. మొదటి చోట ఈఎఫ్ అని ఉండి రెండో చోట సున్నా ఉంటే దొంగ స్విచ్చిలో ఉన్నడు. రెండో చోట ఉండి మూడో చోట లేకుంటే రౌటర్లో. మూడు చోట్లా ఉన్నా మాట తెగుతున్నదంటే నేను పైన చెప్పిన షేపింగే.

స్విచ్చిలో దొంగ అన్న కదా, ఆ దొంగను నేనే పెట్టిన కథ ఒకటి చెప్త. నల్లగొండలో ఒక కాలేజీ. సిస్కో పాత 2960 స్విచ్చిలు. క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు పోవాలో తేల్చే ఏర్పాటు) అన్న పేరున్న కమాండ్ ఏదైనా మంచిదే అనుకొని ఎంఎల్ఎస్ క్యూఓఎస్ అని గ్లోబల్‌గ కొట్టి ఇంటికొచ్చిన. తెల్లారి ప్రిన్సిపాల్ ఫోన్, "నిన్నటి దాకనే నయం ఉండె." రెండు రోజులు రౌటర్‌నే తిప్పి తిప్పి చూసిన. మూడో రోజు మెట్ల కింద ర్యాక్ కాడ చెప్పుల స్టాండ్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని, మోకాళ్ళ మీద కూర్చొని ట్రంక్‌ను క్యాప్చర్ చేస్తే ప్రతి వాయిస్ ప్యాకెట్ మీద సున్నా. ఫోన్ వైపు పోర్టు చూస్తే బీ8 నిక్షేపంగ ఉన్నది. ఆ తరం స్విచ్చిల్లో ఆ కమాండ్ కొట్టంగనే ప్రతి పోర్టూ నమ్మకం లేని పోర్టు అయితది, లోపలికి వచ్చిన మార్కును తుడిచి సున్నా రాస్తది. కమాండ్ కొట్టకముందు దాన్ని ముట్టుకోకుండ పంపేది. ఫోన్ పోర్టుల మీద, అప్‌లింకు మీద ట్రస్ట్ అని చెప్పినంకనే దారికొచ్చింది. కొత్త కాటలిస్ట్ 9000 వరుసలో తీరు మారింది, వైర్డ్ పోర్టులు మార్కును నమ్ముతయి. మీ దగ్గర రెండు తరాలు కలిసి ఉంటే ఇంకా జాగ్రత్త.

మరి అన్నిటినీ నమ్మితే సరిపోలేదా అంటే, పోలేదు. టోకెన్ ఎవరికి వారే రాసుకుంటే టోకెన్‌కు విలువేముంది? కంప్యూటర్ నుంచి వచ్చే ప్యాకెట్ మీద కూడా ఎవరైనా 46 రాయొచ్చు. అందుకే ఫోన్ల కోసం వాయిస్ వీల్యాన్ (ఒకే స్విచ్చిలో విడదీసిన వేరే నెట్‌వర్క్) వేరే పెట్టి దాన్ని మాత్రం నమ్మండి. డేటా వీల్యాన్ నుంచి ఏ మార్కు వచ్చినా సున్నా చేసి, మీకు కావాల్సిన వాటికి మీరే మళ్ళీ రాయండి. ఫోన్ వెనకాల కంప్యూటర్ తగిలించే అలవాటు మన దిక్కు ఎక్కువ, ఒక కేబుల్ మిగుల్తదని. అట్లాంటి చోట ఈ విభజన ఇంకా ముఖ్యం. స్విచ్చికీ స్విచ్చికీ మధ్య మాత్రం లేయర్ 2 మార్కు మీద ఆధారపడకండి. అది వీల్యాన్ ట్యాగులో మూడు బిట్లు, ట్యాగ్ ఊడితే అదీ ఊడుతది. డీఎస్‌సీపీ ఐపీ హెడర్లో ఉంటది కాబట్టి రౌటర్ దాటినా నిలుస్తది.

మీ విషయంలో ముందే మార్క్ చేసుకోవాల్సిన అవసరం ఇంకొకటి ఉన్నది, అదే వీపీఎన్. టన్నెల్లోకి పోయి ఎన్‌క్రిప్ట్ అయినంక రౌటర్ బయటి వైపు పోర్టు నెంబర్లు కనపడవు. వాయిస్ ఏదో, ప్రింటర్ ఏదో తేడా తెలవదు. ఐపీసెక్‌లో (ఇట్లాంటి టన్నెళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లోపలి హెడర్ మీది డీఎస్‌సీపీ బయటి హెడర్ మీదికి కాపీ అయితది. కాబట్టి లోపలికి వచ్చే కాడ క్లాసిఫై చేసి మార్క్ చేయండి, బయటికి పోయే కాడ ఆ మార్కు ఒక్కటి చూసి క్యూలో వేయండి. బయటి ఇంటర్‌ఫేస్ మీద యూడీపీ పోర్టుల యాక్సెస్ లిస్ట్ రాసి "మ్యాచ్ అయితలేదు" అని తలపట్టుకున్నోళ్ళను చూసిన.

ప్రయారిటీ క్యూ ఎంత పెట్టాలె? జీ.711 (మాటను డేటాగ మార్చే ఒక పద్ధతి) కాల్‌కు ఈథర్నెట్‌తో కలిపి దాదాపు 87 కేబీపీఎస్. ఐపీసెక్ బరువు కలిస్తే 115 దాకా పోతది, 120 అనుకోండి. ఒకేసారి 15 కాల్స్ అంటే 1.8 ఎంబీపీఎస్, 2 పెట్టండి. ఇరవైలో పదో వంతు, ఇమేజీలకు తగిలే దెబ్బ ఏమీ ఉండదు. తక్కువ పెడితే మాత్రం ఇబ్బంది. లైన్ నిండినప్పుడు చాలా రౌటర్లు ప్రయారిటీ క్యూలో హద్దు దాటిన ప్యాకెట్లను పడేస్తయి, పడేసేటప్పుడు ఫలానా కాల్‌ది అని చూడవు. హద్దు 1.8 కాడనే పెడితే పదహారో కాల్ రాంగనే పదహారు మందికీ తెగుతది. ఎక్స్‌ఛేంజ్‌లోనే ఒకేసారి ఎన్ని కాల్స్ అన్న పరిమితి పెట్టుకోండి.

క్లాసులు ఎన్ని? 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4594లో పన్నెండు ఉన్నయి. మీకు ఐదు చాలు. వాయిస్ 46. కాల్ సిగ్నలింగ్ (రింగు, కాల్ కలుపుడు, కట్ చేసుడు) వేరే. ఇగ వచ్చే సీఎస్, ఏఎఫ్ అన్నవి కూడా ఈఎఫ్ లెక్కనే డీఎస్‌సీపీ నెంబర్ల పేర్లు. దానికి ఆ ఆర్‌ఎఫ్‌సీ సీఎస్5 అంటది, సిస్కో వాళ్ళు సీఎస్3 అంటరు. ఏది పెట్టినా రెండు ఊళ్ళల్లో అదే పెట్టండి. బిల్లింగ్, ఓపీ సాఫ్ట్‌వేర్‌కు ఏఎఫ్21, అంటే 18. స్కాన్ ఇమేజీలకు ఏఎఫ్11, అంటే 10. ఇవి టీసీపీ 104 మీదనో 11112 మీదనో పోతుంటయి, మీ స్కాన్ ఇంజినీరును అడిగి ఖాయం చేసుకోండి. వెబ్ పోర్టల్ ద్వారా 443 మీద పోతుంటే పోర్టును బట్టి గుర్తుపట్టలేరు, స్కాన్ కంప్యూటర్ ఐపీ అడ్రస్‌ను బట్టి మార్క్ చేయండి. నాకైతే ఇదే నచ్చుతది. అప్లికేషన్‌ను పసిగట్టే ఫీచర్ల కంటే, ఒక మిషన్ ఒక పనికే ఉన్న చోట దాని ఐపీని నమ్ముడు నయం. మిగిలినవన్నీ సున్నా. అత్యవసర కేసుల స్కాన్ ఆలస్యమైతే ఎట్లా అన్న భయం ఉంటే ఇమేజీల క్లాసుకు కనీసం 10 ఎంబీపీఎస్ గ్యారంటీ రాయండి. గ్యారంటీ అంటే పరిమితి కాదు, లైన్ ఖాళీ ఉంటే మొత్తం అదే వాడుకుంటది.

ఒక్కోసారి మంచోన్ని పైకి లేపుడు కంటే చెడ్డోన్ని కిందికి దింపుడు సులువు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్, 16 కెమెరాలు. సేటు హైదరాబాద్‌లో కూర్చొని అన్ని కెమెరాలు ఒకేసారి తెరిచి చూస్తడు. ఆయన చూసినప్పుడల్లా కాంటా కాడ బిల్లు ఆగిపోయేది, ఆఫీసు ఫోన్ తెగేది. కాంటా సాఫ్ట్‌వేర్ ఎటు పోతున్నదో ఎవరికీ తెలవదు, రాసినోడు ఫోన్ ఎత్తడు. నేను దాని జోలికే పోలేదు. డీవీఆర్ ఐపీ నుంచి వచ్చేదంతా సీఎస్1, అంటే 8 అని మార్క్ చేసి, అందరి తర్వాత మిగిలింది నీకు అన్న క్యూలో వేసిన. అరగంట పని. సేటుకు వీడియో కొంచెం ఆగి ఆగి వస్తది, ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించిన. మీ దవాఖానలో కూడా కెమెరాల అప్‌లోడ్, మొబైల్ ఫోన్ల ఫొటో బ్యాకప్ ఎంత తింటున్నయో ఒకసారి చూడండి. నేరమంతా స్కాన్ మీదనే వేయకండి.

రౌటర్ ఏదో మీరు రాయలేదు. మైక్రోటిక్ అయితే ఒక మాట. ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఉన్నదేమో చూడండి, డిఫాల్ట్ ఫైర్‌వాల్‌లో ఉంటది. ఫాస్ట్‌ట్రాక్ అయిన కనెక్షన్లు మాంగిల్‌నూ (మార్కులు రాసే రూల్స్), సింపుల్ క్యూలనూ తప్పించుకొని పోతయి. మీరు రూల్స్ అన్నీ సరిగ్గ రాసినా కౌంటర్లు కదలవు.

వార్డుల్లో నర్సులు వైఫై మీద మొబైల్‌లో ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే అక్కడో మెలిక ఉన్నది. వైఫైలో వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు వరుసలు. చాలా పరికరాలు డీఎస్‌సీపీ పై మూడు బిట్లను తీసుకొని వరుస తేలుస్తయి. 46లో పై మూడు బిట్లు 101, అంటే 5. 5 అంటే వీడియో వరుస. వాయిస్ కావాలంటే 6 రావాలె. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 దీన్ని సరిచేసి ఈఎఫ్‌ను 6కు కలపమన్నది. యాక్సెస్ పాయింట్ కంట్రోలర్లో ఆ మ్యాపింగ్ ఖానా ఉంటే మార్చండి, లేకుంటే వదిలేయండి, వీడియో వరుస కూడా మామూలు దాని కంటే నయమే.

ప్రొవైడర్ మీ మార్కును గౌరవిస్తడా అంటే, మామూలు ఇంటర్నెట్ లైన్ మీద ఆశ పెట్టుకోకండి. సున్నా చేసినా అడిగేటోడు లేడు. మీ ఇరుకు మీ గేటు కాడనే ఉన్నది కాబట్టి అక్కడ సర్దుకుంటే మీ పని అయితది. జడ్చర్ల రౌటర్లో కూడా దాని లైన్‌కు తగ్గట్టు ఇట్లనే షేప్ చేయండి, రేపు అక్కడ కూడా స్కాన్ మిషన్ పెడితే కథ తిరగబడుతది. డౌన్‌లోడ్ వైపు మీ చేతిలో పెద్దగ ఏం లేదు. లోపలికి వచ్చేదాన్ని కూడా కొంచెం తక్కువకు షేప్ చేస్తే టీసీపీ తగ్గి నడుస్తది. అది కొంతవరకే.

ముందు షేపర్, ప్రయారిటీ క్యూ పెట్టండి, రాత్రి పూట పెట్టండి, పాత కాన్ఫిగరేషన్ కాపీ జేబులో పెట్టుకొని. తెల్లారి పదకొండింటికి స్కాన్ పోతున్నప్పుడు జడ్చర్లకు ఫోన్ చేసి, ఆ కాల్ నడుస్తుండంగనే మూడు చోట్లా క్యాప్చర్ తీయండి. ఏ చోట ఏ నెంబరు కనపడ్డదో, ప్రయారిటీ క్యూ కౌంటర్లో డ్రాప్స్ ఎన్ని ఉన్నయో, రౌటర్ మోడల్ ఏందో ఇక్కడ రాస్తే మిగిలింది చూద్దాం.